ఆరున్నొకటి

దేవరకద్ర, బుధవారం.
ఉల్లి ఘాటుకు కండ్లు మండకముందే
చెవులు మండుతయ్ ఈడ.
జిలానీ సవాల్ మొదలుపెట్టిండు.

పద్నాలుగు పద్నాలుగిరవై పద్నాలుగు నలభై
పదిహేనూ పదిహేనూ పదిహేనిరవై
ఊపిరి ఎక్కడ తీస్తడో
పద్దెనిమిదేండ్ల సంది పక్కన నిలబడి
చిట్టీలు రాస్తున్న నాకే తెల్వదు.

నా పని చిన్నది.
కుప్ప నంబరు, రైతు పేరు, ఆఖరి అంకె.
దానికి ముందటి అంకెలన్నీ పొట్టు,
గాలికి పోతయ్, పోనియ్యాలె.

ముప్పై ఒకటో కుప్ప మొగులమ్మది.
పదకొండు బస్తాలు.
పాట పదారు దాటింది, ఇంకా ఎక్కుతున్నది,
అంతల గుంపులకెళ్లి ఎవరో "డోకూరు" అన్నరు.

డోకూరు మా అక్కనిచ్చిన ఊరు.
ఆమె దవాఖానల ఉన్నదని
పొద్దుగాల్నే కబురొచ్చింది.
ఆ ఒక్క మాట చెవుల ముడిపడ్డది.
ముడి పడ్డంత సేపే,
లోపల ఏదో జారింది, చప్పుడు గూడ కాలే.
పదారు ఎనభై అని రాసిన.

"పదేడు గదా సారూ"
అన్నది మొగులమ్మ, కొంగు విదిలించుకుంట.

జిలానీని అడిగితే
"పాడేది నోరు, దానికి యాదుంటదా?" అన్నడు.
కొన్న సేటు ఫోన్ల ఉన్నడు.
ఆమె కొడుకు తల గోక్కున్నడు:
"మా నంబరు పిలిచింది ఇన్న.
దాని ఎనుక ఏమన్నడో... ఇనలే."

క్వింటాలుకు ఇరవై రూపాయల తేడా.
అన్నీ కలిపితే
తల్లీకొడుకుల తిరుగు బస్సుకు సరిపోతయ్.

మా నాయినమ్మ జొన్నలు కొలిచేటప్పుడు
మొదటి మానికకు "లాభం" అనేది.
ఆరు దాటినంక ఆగి, "ఆరున్నొకటి" అనేది.
ఏడు అనొద్దు బిడ్డా, ఏడ్వాల్సొస్తది.
ఆమె ఎరికతోని దాటేసింది.
నేను ఎరిక లేక దాటేసిన,
ఏడ్చేది ఇంకొకరు.

చెవికి రెప్ప లేదంటరు.
ఉన్నది, బయటికి కనబడదు.
ఒక మాటను లోపలికి తీస్కొని
గొళ్లెం పెట్టేంతల్నే
తర్వాతి మాట వచ్చి తలుపు కొట్టి పోతది.
మెల్లగ కాదు, గట్టిగనే కొడుతది.
లోపల మనిషున్నడు,
చేతులే ఖాళీ లేవు.

పొట్టు ఊడ్చే ముసలి ఆశన్న
చీపురు ఆపకుంటనే అన్నడు:
"పదారు నలభై, పదారు అరవై, పదారు ఎనభై,
ఎవరో డోకూరన్నరు,
పదేడు."

"ఇంటున్నవా ఆశన్నా?"
"ఇనలే సారూ. ఇనబడ్డది."

చిట్టీ కొట్టేసి మళ్లీ రాసిన.
మొగులమ్మ సదువు రాకున్నా
ఆ ఏడు మీద వేలు పెట్టి చూసుకొని పోయింది.

పై బుధవారం ఆశన్నకు స్టూలు వేసినం నా పక్కన.
యాభై రూపాయలు, రెండు చాయ్‌లు.
"ఆఖరి అంకె పట్టుకో, గంతే నీ పని."
ఉతికిన అంగీ తొడుక్కొని వచ్చిండు.
మెడ ముందుకు చాపి
జిలానీ పెదాల మీద కండ్లు పెట్టి కూసున్నడు.

తొమ్మిదో కుప్ప కాడ
నా మోచేయి తట్టిండు.
"ఇప్పుడేమన్నడు సారూ?"