పట్టిక ఏడు

బస్సు వంతెన మీద ఆగిపోతే
పక్క సీటు పెద్దాయన తన పేపరు
సగం నా ఒళ్ళోకి పరిచాడు.
మొదటి పేజీలో నది.
నా నది.
నాలుగేళ్ళుగా సీసాల్లో పట్టి, నంబర్లు అంటించి
డిపార్ట్‌మెంట్ ఫ్రిజ్‌లో
ఎవరిదో బూజు పట్టిన చీజ్ పక్కన దాచిన నది.

వానల్లేవనీ, సముద్రం పైకి ఎగదన్నిందనీ
మోంతెవిదేయో కుళాయిలు ఉప్పగా కారుతున్నాయనీ
పెద్ద పెద్ద అక్షరాలు.
పత్రికలకి ఉప్పంది మూడు రోజులు.
నాకు అంది పద్నాలుగు నెలలు.
అనుబంధం మూడు, పట్టిక ఏడు.
ఇప్పటిదాకా చూసినవాళ్ళు ఇద్దరే:
రాసిన నేను, దిద్దిన నేను.

"ఏం చదువుతున్నావబ్బాయ్?"
"నీళ్ళు."
"మంచిదే. దప్పిక ఎక్కడికీ పోదు"
అని ఆటల పేజీకి తిప్పేశాడు.

అక్కడ మా పేట జట్టు,
రెండో డివిజన్లో అడుగు నుంచి రెండోది.
ఆదివారం నేనూ వెళ్ళాను.
గోల్‌కీపర్ వాల్దెమార్ తెల్లవారుజామున రొట్టెల బట్టీలో పని చేస్తాడు.
ఆ పిండి చేతులకి బంతి అతుక్కుపోతుందనుకుంటాం.
తొంభయ్యో నిమిషంలో పెనాల్టీ.
మూడొందల మందిమి ఊపిరి బిగబట్టాం.
కుడివైపు దూకాడు.
బంతి నడిమధ్యలోంచి తీరుబడిగా
అల్లుడు అత్తారింట్లోకి వచ్చినట్టు వచ్చింది.
ఎవరూ తిట్టలేదు.
మొదటి రెండేళ్ళూ నేను కుడివైపే దూకాను,
తప్పు పంపు దగ్గర నీళ్ళు పడుతూ.

నిన్న రాత్రి మా ప్రొఫెసర్ ఇనెస్ ఎచెగోయెన్
టీవీలో కనబడింది, పదిహేడు సెకన్లు.
"కంగారు పడక్కర్లేదు, కానీ" అన్నచోట కోసేసి
వాతావరణంలోకి వెళ్ళిపోయారు.
నా సిద్ధాంత గ్రంథమంతా
ఆ 'కానీ' తర్వాతే ఉంది.

ఏం చేస్తాం, సినిమాకి పోయాం.
ఫిల్మ్ క్లబ్బులో హంగేరీ వాళ్ళది, నలుపూ తెలుపూ.
మూడో రీల్లో చచ్చిపోయిన పోస్ట్‌మాన్
నాలుగో రీల్లో సైకిలు తొక్కుకుంటూ వచ్చాడు.
బయటికొచ్చాక మిలాగ్రోస్
కాలం గురించి, స్మృతి గురించి, మరణం ఒక అలవాటు కావడం గురించి
అరగంట మాట్లాడింది. నేనూ ఒప్పుకున్నాను.
తలుపులు మూస్తూ ఆపరేటరు
"క్షమించండి, రీళ్ళు తారుమారయ్యాయి" అన్నాడు.
మిలాగ్రోస్ నా మోచెయ్యి గిల్లింది:
"ఎవరికైనా చెప్పావో!"
చెప్పను. నా అయిదో అధ్యాయం
రెండో అధ్యాయం కన్నా ముందు రాశానని
తనూ ఎవరికీ చెప్పలేదు.

ఈ నెల స్కాలర్‌షిప్ ఇంకా పడలేదు.
మంచినీళ్ళ సీసా ధర మాత్రం పడకుండా పెరుగుతోంది.
లిఫ్టు పనిచెయ్యదు.
మూడో అంతస్తులో దోన్యా ఓబ్దులియా
తలుపు ఓరగా తీసుకుని, మాతే బుర్ర చేత్తో పట్టుకుని
నా కోసమే నిలబడింది.
"నువ్వు నీళ్ళ చదువు చదువుతావటగా.
ఇది నేను తాగొచ్చా?"

నాలుగేళ్ళలో
కమిటీ వాళ్ళు చాలా అడిగారు,
నమూనాల సంఖ్య, ప్రమాణ విచలనం,
ఫలానా వ్యాసం ఎందుకు చూడలేదు.
ఇది అడగలేదు.

"బీపీ మందులేమైనా వాడుతున్నారా?"
బల్ల మీద మాత్రల పట్టీలు పేకముక్కల్లా పరిచింది.
ఒకటి గులాబీ రంగు. ఒకటి సగానికి విరిచింది.
నాకు మిల్లీగ్రాములు తెలుసు, లీటర్లు తెలుసు,
ఆవిడ గుండె తెలీదు.
"డాక్టర్ని అడిగేదాకా వద్దండీ" అన్నాను.
టీవీలో కోసేసిన మాట
నా నోట్లోంచి ఇంత పొట్టిగా వచ్చింది.

నా వాటా సీసాల్లో రెండు దింపి ఇచ్చాను.
సంచీలో ఖాళీ నమూనా సీసా ఒకటి ఉంటే
ఆవిడ వంటింటి కుళాయి కింద పట్టాను.
"మిగతా నీళ్ళు పారబొయ్యకు, సూపులో పోస్తా,
ఉప్పు డబ్బు మిగుల్తుంది" అంది.
చీటీ మీద తేదీ, వేళ, అంతస్తు, పేరు రాస్తుంటే
కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి వంగి చూసి,

"ఓబ్దులియాలో 'బ'కి ఒత్తుంది నాయనా,
సరిగ్గా రాయి."