పదిహేనున్నర గంటల బత్తా

కావలి దాటి తుమ్మలపెంట రోడ్డెక్కేసరికి
తెల్లవారుజాము మూడు.
వ్యాను వెనక నలభై థర్మోకోల్ పెట్టెలు,
పెట్టెలో ఆక్సిజన్ ఊదిన సంచి,
సంచిలో కాసిని నీళ్లు,
ఆ నీళ్లలో మీసాలు మడుచుకుని తల్లిరొయ్యలు.

"వీటి ఊరు ఎంత దూరం మేడమ్?"
గేరు మారుస్తూ అడిగాడు మస్తానయ్య.
కాగితాల్లో ఉన్నదే చెప్పాను.
హోనలూలూ.
తిన్నగా గీత గీస్తే పన్నెండు వేల ఆరువందల కిలోమీటర్లు.
తిన్నగా ఎవరు రానిస్తారు,
రెండుచోట్ల విమానం మారి
గోదాముల్లో పడిగాపులు కాసి
ముప్పై ఎనిమిది గంటలకి మద్రాసులో దిగాయి.
సోమవారం పొద్దున పదికి బయల్దేరి
బుధవారం మధ్యాహ్నం మూడున్నరకి.

వేళ్ల మీద లెక్కేసుకున్నాడు.
సూళ్లూరుపేట నుంచీ నిద్రని ఆపుతున్న మనిషి
ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు.
"యాభైమూడున్నర వొస్తా ఉండాది గదా!
మిగతా పదిహేనున్నరా ఏమైనట్టు?"
నడిసముద్రం మీద గీత ఒకటుందనీ
దాటితే తారీఖు మారుతుందనీ
అక్కడి పొద్దూ మన పొద్దూ వేరనీ
నాకు తెలిసినంత చెప్పాను.
అంతా విని, "సరే మేడమ్,
ఆ గంటలకి బత్తా ఎవురిస్తారు?" అన్నాడు.

నవ్వాను గానీ
బిట్రగుంట గేటు దగ్గర ఆగినప్పటి పెట్టెల చప్పుడు
మళ్లీ చెవిలో పడింది.
సముద్రం మీదుగా ఎగిరొచ్చిన సముద్రపు ప్రాణులు.
కిందంతా నీళ్లే,
ఒక్క చుక్కా వీటిది కాదు.
పుట్టింది తొట్టిలో, ఎగిరింది సంచిలో,
దిగబోయేది తొట్టిలో.

హేచరీ గుమ్మంలో
పర్మాంగనేట్ నీళ్లలో కాళ్లు ముంచి
సుబ్బవెంగమ్మ నిలబడి ఉంది.
సంచి విప్పదు వెంటనే.
తొట్టి నీళ్లలో తేలనిస్తుంది,
వేడి వేడితో కలిసేదాకా,
ఉప్పు ఉప్పుని గుర్తుపట్టేదాకా
చెంబుతో కొంచెం కొంచెం పోస్తుంది.
"అలిసిపొయ్యుంటయ్యి" అంటుంది, ఎవరితోనో.

వచ్చే వారం ఆ చేతులే
ఒక్కోదానికి ఒక కన్ను తీసేస్తాయి.
అట్లా తీస్తే తొందరగా గుడ్లకొస్తాయని
పుస్తకంలో ఉంది, అనుభవంలోనూ ఉంది.
నేను ఆ గదిలో ఉంటాను,
కత్తెరని నిప్పు మీద కాల్చి ఇచ్చేది నేనే.
రెండో కంటితో అవి ఏం చూస్తాయో
ఏ రికార్డులోనూ రాయలేదు.

గోడ అవతల సరుగుడు తోపు,
తోపు దాటితే ఇసక,
ఇసక దాటితే అల.
మూడొందల అడుగులు, నేనే నడిచి లెక్కపెట్టాను.
ఇన్ని వేల కిలోమీటర్లు వచ్చినవాటికి
ఆ మూడొందలు మాత్రం రాసిపెట్టి లేవు.

తెల్లారింది. మస్తానయ్య ట్రిప్ షీటు చాపాడు.
మద్రాసు నుంచి తుమ్మలపెంట,
రెండువందల నలభై కిలోమీటర్లు, ఆరు గంటలు, ఒక టీ.
సంతకం పెట్టాక చూశాను,
కింద ఖాళీ గడిలో
పెన్సిలుతో, చాలా చిన్నగా,
"15½" అని.

చెరపలేదు.