మూడువేల రెండువందలు

తాడిపత్రిలో రాత్రి తొమ్మిదైతే
పాలిష్ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే గొంతు దించుతాయి.
బండలు కడిగిన నీళ్లు కాలవలో తెల్లగా పేరుకుంటాయి
మజ్జిగ ఒలకబోసినట్టు.
అప్పుడు నా గదిలో యంత్రం మొదలవుతుంది.

యంత్రమంటే పెద్దదేం కాదు.
నులకమంచంలో సగం.
రెండు ఇనుప పట్టాలు, వాటి మీద అడ్డంగా ఒక దూలం,
దూలానికి వేలాడే చిన్న కత్తి.
కుడివైపు మోటారు బెంగళూరులో కొన్నది, కొత్తది.
ఎడమవైపుది
ఓబుళమ్మక్క జిరాక్స్ షాపు మూసేసి
కిలోల లెక్కన అమ్మిన మిషను కడుపులోంచి తీసింది.
ఒకే కొలత, ఒకే నలుపు, నాలుగేసి బోల్టులు.
కవలలే అనుకున్నాను.

ముందుకు నడవమన్నాను.
కుడిది నడిచింది. ఎడమది సగం దారిలోనే ఉంది.
దూలం వంకరపోయి, పట్టాల మధ్య ఇరుక్కుని
పళ్లు నూరింది.

మూడు రాత్రులు.
మర బిగుతన్నాను, నూనె పోశాను.
వైరు లూజన్నాను, మళ్లీ అతికాను.
కరెంటును తిట్టాను, అది ఎట్లాగూ తిట్లు పడేదే.
ఎడమదాన్ని ముసలిదన్నాను.

నాలుగో రాత్రి రెండు ఇరుసుల మీదా
మా చెల్లెలి గోళ్లరంగుతో ఒక్కో చుక్క పెట్టి
సరిగ్గా ఒక్క చుట్టు తిరగమన్నాను.
కుడిచుక్క ఇల్లు చేరింది.
ఎడమచుక్క తలకిందులుగా ఆగింది,
సరిగ్గా సగంలో, వెంట్రుకవాసి తేడా లేకుండా.

అలసిపోయినది అంత కచ్చితంగా ఆగదు.

చుట్టుకు కుడిది రెండువందల అడుగులు.
ఎడమది నాలుగువందలు.
దానివి చిన్న అంగలు, అంతే.
నేనేమో ఇద్దరికీ ఒకటే చిటిక వేస్తున్నాను.

బండలు మోసిన మొదటిరోజు
ఆరడుగుల నాపబండకు ఆ కొసన కుళ్లాయప్ప, ఈ కొసన నేను.
ఆయన కుడికాలి మీద ఎప్పుడో ఓ బండ పడింది,
జానెడు జానెడుగా వేస్తాడు.
నా అంగ నాది. బండ మెలితిరిగి
నా బొటనవేలి గోరు తీసుకుపోయింది.
కుళ్లాయప్ప బండ దించి, బీడీ ముట్టించి అన్నాడు:
"బిరబిరా పోతే బలం కాదబ్బా.
నేను రెండేస్తే నువ్వు ఒగటెయ్. నోట్లో లెక్కబెట్టుకో."

ఆ లెక్క పదకొండేళ్లుగా నోట్లోనే ఉంది.
చేతికి దిగడానికి నాలుగు రాత్రులు పట్టింది.

ఎడమ డ్రైవర్ కింద మూడు జంపర్లు.
ఒకటి పీకాను, వంకరగా మొలిచిన ఆ గోటితోనే.
అడుగుకు పదహారు ముక్కలు పోయి ఎనిమిదయ్యాయి.
నాలుగువందల ఎనిమిదులు మూడువేల రెండువందలు.
రెండువందల పదహార్లు మూడువేల రెండువందలు.
బెత్తంతో ఎక్కాలు చెప్పిన అయ్యవారు
ఇప్పుడు ఎక్కడున్నారో.

దూలం నడిచింది.
చతురస్రం గీయించి, స్టీలు స్కేలు పెట్టి
మూల నుంచి మూలకు కొలిచాను.
ఇంకా అర మిల్లీమీటరు తేడా.
ఉండనీ. అది నేను బిగించిన పట్టాల పాపం,
మోటార్లది కాదు.

ఆదివారం కుళ్లాయప్ప వచ్చాడు.
చెక్క మీద పులిజూదం గీతలు తెగుతుంటే
మేకలు ఎన్ని పడతాయో వేళ్ల మీద లెక్కేశాడు.
నేను చెప్పిందంతా విని
"దీంట్లో నేను యాడుండా?" అన్నాడు.
ఎడమదాన్ని చూపించాను.
వేలు పెట్టి చటుక్కున తీశాడు. "కాలుతాందే!"
తర్వాత మళ్లీ, మెల్లగా, అరచెయ్యి ఆనించాడు
రాత్రిపూట మోకాలికి ఆనించుకున్నట్టు.

"ఒక్క రవ్వసేపు నిలపబ్బా దాన్ని," అన్నాడు.