అప్పగింతలు

చీటీలు వేస్తే నా పేరొచ్చింది కాబట్టి మాట్లాడుతున్నాను.
అన్ని చీటీల మీదా నా పేరే ఉందని
ఇప్పుడే, ఈ మెట్టెక్కాకే తెలిసింది.
సరే ఎర్బోల్, నీ సంగతి సాయంత్రం చూస్తాను.

మూడు వైపులా కిర్గిజ్ కొండలూ
నాలుగో వైపు డైరెక్టరు గారూ కాపలా ఉన్న
కోక్-బులాక్ బడికి
పదకొండో తరగతి, తొమ్మిదిమందిమి, సెలవడుగుతున్నాం.
మే ఇరవై అయిదు. మంచు పడుతోంది.
ఆడపిల్లల జడల్లో తెల్ల రిబ్బను పువ్వులేవో
మంచేదో తెలియడం లేదు.
అమ్మమ్మలు అప్పుడే కొంగులు, కాదు, శాలువాలు తడిపేస్తున్నారు.
ఆగండమ్మా,
ఏడవాల్సిన చోటు ఇంకా రాలేదు, వస్తే నేనే చెప్తాను.

ముందు అప్పగింతలు.
పదో తరగతి వాళ్లూ, దగ్గరికి రండి.
బొగ్గు పొయ్యి ఇకనుంచి మీది.
దానిదంతా మనుషుల బుద్ధి:
ముందు బెంచీని మాడుస్తుంది, వెనక బెంచీని మరిచిపోతుంది.
పదకొండేళ్లు వెనక కూర్చున్న మాకు
లెక్కలు రాక కాదు,
పెన్నులో సిరా గడ్డకట్టి మార్కులు రాలేదు.
చోల్పోన్ టీచరు ఈ మాట ఒప్పుకోరు.
"పెన్ను గడ్డకడితే నోరు కూడా గడ్డకట్టిందా?" అంటారు.
అంటారేమిటి,
అదిగో, అంటున్నారు.

గోడ మీద పటం ఉంది.
అందులో ఉన్న దేశం మేం పుట్టకముందే పోయింది,
పటం మాత్రం కదల్లేదు.
దించకండి. దాని వెనక గోడకి కన్నం,
కన్నంలో మేం దాచిన కురుత్ ఉండలు.
ఎండిన పెరుగుకి ఉప్పు తోడైతే చావు లేదు,
ఏడో తరగతిలో దాచాం, నిన్న కూడా ఒకటి తిన్నాను.
పన్ను విరిగింది గానీ రుచి చెడలేదు.

మెదెర్ గుర్రం సంగతి చెప్పకపోతే కళ్లు పోతాయి.
మెదెర్ డుమ్మా కొట్టిన రోజుల్లో కూడా
అది మానకుండా వచ్చింది.
కిటికీలో తలపెట్టి జాగ్రఫీ విన్నది.
హాజరు పిలిస్తే సకిలించింది,
అద్దాలు మరిచిపోయిన టీచరు టిక్కు పెట్టారు.
నిజానికి పట్టా ఇవ్వాల్సింది దానికే.
ఇక్కణ్ణుంచి ఎటు వెళ్లాలో
మా అందరిలో దానికొక్కదానికే తెలుసు.

డైరెక్టరు సగీన్‌బెక్ గారూ,
రోజూ పొద్దున్నే "మీరు బాగుపడరు" అని దీవించారు.
ఒక్కనాడూ మాట మార్చలేదు.
అంత నిలకడ మాకు మరెవరి దగ్గరా దొరకలేదు.
పోయేముందు ఒక నేరం ఒప్పుకోవాలి.
చలికాలంలో పది నిమిషాల ముందే ఇంటి గంట కొట్టిన దయ్యం
దయ్యం కాదు.
మీ గది కిటికీలోంచి దూరి, గంట తీసుకుని...

"తెలుసు," అన్నారు డైరెక్టరు, మైకు లేకుండానే.
"ఆ కిటికీ గడియ రోజూ తీసి పెట్టింది ఎవరనుకున్నావు?
నాకు మాత్రం చలి వేయదా?"

అమ్మమ్మలూ,
ఏడవాల్సిన చోటు ఇదే అనుకుంటాను.
కాస్త జరగండి, నేనూ వస్తున్నాను.

ఆచారం ప్రకారం
ఒకటో తరగతి బేగిమాయ్‌ని ఎర్బోల్ భుజానికెత్తుకున్నాడు.
ఆ పిల్ల చేతిలో గంట, గంట పక్కనే వాడి చెవి.
చీటీల పాపం అక్కడికక్కడే పండింది.
కొట్టింది, కొట్టింది, చాలమ్మా అన్నా కొట్టింది,
మేళం పట్టుకున్నవాడు కూడా చెవులు మూసుకున్నాడు.

ఆఖరి గంట మోగితే
గేటు వైపు నడవాలని నెల్లాళ్లు నేర్పారు మాకు.
గంట వినబడింది, అంతే,
కాళ్లు ఎవరినీ అడగలేదు.
తొమ్మిదిమందిమీ బుద్ధిగా వరసకట్టి
క్లాసులోకి వెళ్లి కూర్చున్నాం.
కిటికీలో అప్పటికే గుర్రం తల ఉంది.