వానాకాలం రానీ

పోయిన వానలకు ప్రాణహిత మా వంటింట్లకొచ్చి
నాలుగు రోజులుండి పోయింది.
పోతూ పోతూ తలుపును ఉబ్బిచ్చి,
గోడకు నడుమెత్తున మట్టిగీత గీసి,
ప్లైవుడ్ అలమారను పొరలు పొరలుగ
పరోటా విప్పినట్టు విప్పిపోయింది.

ఈసారి కట్టేది గట్టిది కట్టాలనుకున్న.
పిండిగిర్నీ పైసలు, పదకొండేండ్లవి,
జొన్నపిండి వాసనేసే నోట్లు.

చంద్రపూర్ టైల్సు దుకాణంల బన్సీలాల్
చాయ తాగిచ్చి, పలక మీద గోటితోని టకటక కొట్టి
"యాభై ఏండ్లు గ్యారంటీ అక్కా" అన్నడు.
నాకిప్పుడు యాభై ఏడు.
"నూట ఏడో ఏట పలిగితే
రసీదు పట్టుకొని సిరొంచ బస్సెక్కి రావాల్నా బాబూ,
నువ్వుంటవా మరి గల్లా మీద?"
నవ్వలే. పైసలు లెక్కబెట్టేటోళ్ళు
వయసులు లెక్కబెట్టరు.

మాట మీద నాకు నమ్మకం లేదు, నీళ్ళ మీద ఉంది.
అన్నింట్లకెల్లి తలా ఒక ముక్క తెచ్చి
బర్రెల కుడితితొట్టిల ఏటినీళ్ళు పోసి నానేసిన.
పదిహేను రోజులు. పొద్దున లేవంగనే
చంటిపిల్ల జరం చూసినట్టు
ఒక్కొక్కటి ముట్టి చూసుడు.

రెండో నాటికే తలుపుబోర్డు పూరీ లెక్క పొంగింది.
ఇనుప బందు ఐదో నాటికి ఎర్రగ ఏడ్చింది.
షాబాదు బండ మాత్రం మా మేనత్త లెక్క
కరగలే, మాట్లాడలే. దాన్ని ఖాయం చేసిన.
మదార్ మిస్త్రీ ఇటుకపొడి, బెల్లం, కరక్కాయ నీళ్ళు
కలిపిచ్చిన సున్నంముద్ద
కరిగిపోతదనుకుంటే గట్టిపడి కూసుంది.

టేకంటరా, ఆలపల్లి డిపోదే, నంబరు దెబ్బ ఉన్నదే.
సగం నిలబడ్డది, సగం మెత్తబడ్డది.
వడ్లపని చేసే మడావి జంగు గోరుతో గిచ్చి
"ఇది తెల్లచెక్క వదినా, ఇదేమో చేవ.
చెదలకు ఈ ముచ్చట మనకన్న ముందే తెలుసు.
ఉత్త చేవనే కావాల్నంటే లావు మాను కొనాలె,
లావు మాను కొనాల్నంటే నీ గిర్నీ అమ్మాలె."

ఇంత జరుగుతుంటే మా సారయ్య నోరు విప్పలే.
నలభై ఏండ్లు పడవ నడిపినోడు.
ఏ కర్ర నీళ్ళల్ల ఎన్నేండ్లుంటదో
నిద్రల లేపి అడిగినా చెప్తడు.
అద్దరికి వంతెన కట్టినప్పటి నుంచి
పడవ రేవు గడ్డన బోర్లా పడుంది,
దాని కింద మా కోళ్ళు గుడ్లు పెడ్తయి.
నేను అడగలే. కొన్ని అడిగితే
ఇచ్చేటోడు సగమైతడు.

పదహారో పొద్దున తొట్టి కాడికి పోతే
నా ముక్కల నడుమ నేను వెయ్యనిది ఒకటుంది:
జానెడు చెక్క, నల్లగ, తారు వాసన,
మొల ఊడబీకిన తొర్రతోని.
కత్తిమొనతో గీరితే లోపల తేనెరంగు.
ఆయన అరుగు మీద బీడీ ముట్టిచ్చుకుంటుండు,
ఇటు చూడకుంట.

పడవ విప్పుడుకు మూడు రోజులు పట్టింది.
కోళ్ళు రెండు పూటలు అలిగినయి.
జంగు చిత్రిక పడుతుంటే
రాలిన పొట్టుల ఏటి ఇసుక తళుక్కుమంది.
మొలతొర్రలు ఇరవై మూడు.
గుగ్గిలం కరిగిచ్చి ఆయనే నింపిండు,
ఎవ్వర్నీ ముట్టనియ్యలే.

వంటింటికి తలుపైతే అయింది, వంపు పోలే.
ఎంత చెక్కినా పడవ పడవే.
కింద ఎడమమూల వేలు దూరేంత సందు,
అందులకెల్లి చీమలొస్తయి,
పొద్దుగాల ఒక చారెడు వెల్తురొచ్చి
కొత్త బండల మీద వంకరగ పండుకుంటది.

"ఇంత గట్టి సామాను ఎతికెతికి
మూసుకోని తలుపు పెట్టుకుంటిమా?" అన్న.
ఆయన అరచేత్తో చెక్కను నిమిరిండు,
సూడి బర్రె పొట్ట నిమిరినట్టు.
"తొందరెందుకే.
వానాకాలం రానీ,
ఉబ్బి, తనే మూసుకుంటది."