రానుపోను టికెట్టు

స్ట్రోనా దీవి నుంచి అవతలి గట్టుకి
మూడు గంటలు, గాలి మంచిదైతే.
ఇరవై రెండేళ్ళుగా ఈ ఫెర్రీ మీద
తాళ్ళు విసిరేదీ నేనే, టికెట్లు చింపేదీ నేనే.

మనుషులకు రానుపోను టికెట్టు.
గొర్రెపిల్లలకు పోను మాత్రమే.
తిరుగు ప్రయాణంలో అవి సరుకు కింద లెక్క:
అట్టపెట్టెలు పద్నాలుగు, ఐసు విడిగా.

ఇష్బెల్ ప్రతి అక్టోబరులో వచ్చేది
మొగుడి పాత కోటు తొడుక్కుని, నడుముకి నారతాడు బిగించి.
పై డెక్కు మీద టీ ఉందని పిలిచినా
ట్రైలరు పక్కనుంచి కదిలేది కాదు.
"వీటికి నేల తెలుసు, నీళ్ళు తెలీవు" అనేది.
అల లేస్తే అన్నీ ఒక పక్కకి,
అల విరిగితే అన్నీ ఇంకో పక్కకి.
ఇంజను మోతలోనూ
గిట్టలు జారే చప్పుడు నాకు వినపడేది.
రేవు దాటగానే నెమరు ఆపేసేవి,
మళ్ళీ మొదలెట్టేవి కావు.

ఒకప్పుడు దీవిలోనే ఉండేది,
రేవు వెనక, సున్నం కొట్టిన ఒంటి గది.
టోర్మడ్ కత్తి నూరితే ఊళ్ళో కుక్కలన్నిటికీ తెలిసిపోయేది.
తర్వాత కాగితం వచ్చింది.
గోడలకి ఇంత ఎత్తున తెల్ల పలకలు,
డాక్టరు బట్టలు మార్చుకోడానికి వేరే గది,
ఆ గదికి వేరే తలుపు, ఆ తలుపుకి వేరే కొలత.
రోజుకి వెయ్యి కోసే చోటుకి ఏ కొలతో
ఏడాదికి రెండొందలు కోసే చోటుకీ అదే.
టోర్మడ్ చదివాడు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివాడు.
"ఏనుగుకి కుట్టిన చొక్కా
చీమని తొడుక్కోమంటున్నారు" అని తాళం వేశాడు.
ఆ గదిలో వలలు ఆరేస్తూ వచ్చాం.

నేను రూల్సుకి శత్రువుని కాను.
నా ఎనిమిదో ఏట చెడ్డ మాంసం తిని
మా చెల్లెలు ఆగ్నస్ పదకొండు రోజులు మంచం దిగలేదు.
అమ్మ కూర్చున్న ఆ కుర్చీని ఇప్పటికీ అటకెక్కించలేదు.
కాగితం ఎవరికోసం పుట్టిందో తెలుసు నాకు.
కాగితానికే సముద్రం తెలీదు.

తొమ్మిదేళ్ళు ఉత్తరాలు.
హాల్లో మీటింగులు, పాలు విరిగిన టీ, కుర్చీలు ఈడ్చిన చప్పుళ్ళు.
అడిగేవాళ్ళు మారారు, వినేవాళ్ళు మారారు,
ఇష్బెల్ కోటు మారలేదు.
చివరికి ఒక అధికారి తనే బయల్దేరాడు
ఫిబ్రవరిలో, పాపం.
నాలుగో అలకే రెయిలింగు పట్టుకున్నాడు.
నేను మాట్లాడలేదు. బకెట్టు ఇచ్చాను.
తొమ్మిదేళ్ళ ఉత్తరాలు చెప్పలేనిది
ఆ బకెట్టు చెప్పిందేమో.

ఈ ఏడు రూలు సడలింది.
చిన్న చోటుకి చిన్న కొలత.
వారానికోసారి డాక్టరు షోనా వస్తుంది,
ముద్ర, సంచి, రబ్బరు బూట్లతో.
ఆమెకి రానుపోను టికెట్టు.

మొదటి రోజు సెలవు పెట్టి వెళ్ళాను.
ఇష్బెల్ పద్నాలుగింటినీ నడిపించుకొచ్చింది,
ఇరవై నిమిషాల దారి.
గోడవార గడ్డి కొరుక్కుంటూ వచ్చాయవి.
ఒక్కటీ అరవలేదు.
టోర్మడ్ మనవడు కత్తి నూరుతుంటే
చప్పట్లు కొడదామని వచ్చినవాళ్ళం
తలుపు మూసుకున్నాక
చేతులెక్కడ పెట్టుకోవాలో తెలీక నిలబడ్డాం.
ఇన్నాళ్ళూ అది సముద్రం అవతల జరిగేది.

ఇష్బెల్ ఒక్కతే గోడకి దగ్గరగా జరిగింది.
"పెంచినదాన్ని. విననీ" అంది.

సాయంత్రం కాస్త కార్జం కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది.
ముద్ర పని ముగించిన డాక్టరు
మావైపు చూడకుండా బూట్లు కడుక్కుంటోంది.
పొట్లం ఇంకా వెచ్చగా ఉంది.

ఇరవై రెండేళ్ళలో
నేను దించిన ఏ పెట్టే
వెచ్చగా లేదు.