ఒడ్డు వారన ముప్పై అడుగులు

మధ్యాహ్నపు నమాజు కాగానే వచ్చారు ఇద్దరూ,
సిర్రుల్‌ఖత్మ్ గొడుగుతో, సాత్తీ గోనెసంచితో.
నా చాప మీద ముందు గొడుగు కూర్చుంది.

"రాసుకో," అన్నాడు భూమి గలాయన.
"నేల నాది. విత్తు నాది. పాటు వాడిది.
చిక్కుళ్లు చెరిసగం."
రాశాను. సిరా ఆరకముందే
గొంతు తగ్గించి, పక్కింటి సంగతి చెప్పినట్టు,
"నైలు వారన ముప్పై అడుగుల మేర
పండింది మాత్రం నాకే. అదీ చేర్చు."

కలం ఆగింది.
సాత్తీ తన అరికాలి పగుళ్లు చూసుకుంటున్నాడు.
చదువు రాదు గాని ఆ ముప్పై అడుగులూ తెలుసు అతనికి:
వరద తీశాక నల్లటి ఒండ్రు పరుచుకునే చోటు,
వేలితో గుచ్చి వదిలేసినా గింజ లేచే చోటు.

"హాజీ, ఇది రాయకూడదు.
పాలంటే మొత్తంలో పాలు.
ఫలానా గట్టు నాది, ఫలానా మడి నీది అని
మొలవక ముందే కోసుకుంటే
అది సేద్యం కాదు, జూదం.
ప్రవక్త వద్దన్న సంగతి నేను చెప్పాలా నీకు?"

"అయితే మక్తా రాయి. ఏడాదికింతని, రొక్కం."

"రాస్తాను. ఏరు మింగినా, మిడత తిన్నా అతను కట్టాల్సిందే.
కట్టగలడేమో అతన్నే అడుగు."

సాత్తీ అప్పుడు నోరు విప్పాడు:
"ఏటితో నేను పందెం కాయను."

బయట డీజిల్ పంపు దగ్గుతోంది.
మా భాషలో కౌల్ అంటే మాట.
మాటలు రాయడమే నా కూడు.
ఆ వాక్యం కొట్టేశాను. కొట్టేసిన చోటే
ఇద్దరి వేలిముద్రలూ వేయించాను,
తర్వాతెవరూ దాన్ని బతికించకుండా.

ఆ ఏడు పంపుకి చమురు దొరకలేదు.
పైచేలో కాయ తాలుపోయింది.
ఒడ్డు వారన మాత్రం మోకాలెత్తు పైరు, నల్లగా.
కొలిచే రోజు నేనూ వెళ్లాను.
ఇటొక కుంచం, అటొక కుంచం.
సిర్రుల్‌ఖత్మ్ కుంచాన్ని కాదు, నన్ను చూస్తున్నాడు.
"చూశావా," అన్నాడు, "ముప్పై అడుగులే."
"చూశాను."

అప్పట్నుంచీ వాళ్లింట కాఫీకి నాకు పిలుపు లేదు.

సాత్తీ రాతకూలి తెచ్చాడు,
కొలవకుండా, తలపాగా కొంగులో.
రాత్రి నానబెట్టాం.
పొద్దున్నే తొక్క ఒలుస్తూ మా ఆవిడ అడిగింది,
"ఇవి ఒడ్డువా, పైచేనువా?"
ఏమో.
గింజ మీద రాసి ఉండదు.